ఎమిలీ గారి కష్టాలు

నాగశ్రీ మేనమామ కాశీవిశ్వనాథరాజు గారు ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఒక ఫ్రెంచి ఓడ దగ్గరికే వెళ్లి ఆగుతారు. భీమవరంలో అందరికీ తెలిసిన జబ్బే ఇది. ఓడ పేరు ఎమిలీ. నూట యాభై ఏళ్ల కిందట ఫ్రాన్సు నుంచి అమెరికాకు జనాన్ని చేరవేసిన పొగ ఓడ. యానాం పాతసామాన్ల కొట్లో దాని ఫొటో కొని, హాల్లో తాతగారి పటం పక్కనే తగిలించారు. రొయ్యని కూడా గారు అని మన్నించి మాట్లాడే మనిషి కాబట్టి, ఆయన నోట అది ఎమిలీ గారు.

పెళ్లైన కొత్తలో ఆయన ఎవరితోనో ఫోన్లో, "ఎమిలీ గారిది భారీ విగ్రహమేనండి, కానీ ఆ నడక చూడాలి" అంటుంటే భార్య వరలక్ష్మమ్మ గారి చెవిన పడింది. ఆవిడ పెట్టె సర్దుకుని పుట్టింటికి బయల్దేరారు. ఈయన ఫొటో చంకన పెట్టుకుని బస్టాండుకి పరిగెత్తారు.

ఆవిడ ఫొటోలో ఓడ పొగగొట్టాలు రెండూ పరకాయించి చూసి, "ఓడని గారు అనడం ఏంటండి?" అన్నారు.

"పెద్దావిడ కదండి," అన్నారాయన.

ఊళ్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా అది ఎమిలీ గారికి ముందే వచ్చేసి ఉంటుంది. ఎదురింటి శ్రీనివాసరాజు ఇంజినీరింగ్ పరీక్షలు తన్నేస్తే, ఎమిలీ గారి ఇంజను నీళ్లలోకి దిగిన రోజే మొరాయించింది. పక్కింటి శ్యాంబాబుకి బట్టతల వస్తే, తుపానులో ఎమిలీ గారి పొగగొట్టాలు రెండూ ఎగిరిపోయాయి. ప్రతి కథకీ ముగింపు ఒకటే: "అయినా వెళ్లారండి."

నాగశ్రీ పెట్టిన టిఫిన్ సెంటరులో మొదటి రోజే పెసరట్టు పెనాన్ని పట్టుకుని వదల్లేదు. ఆమె అట్లకాడతో కుస్తీ పడుతుంటే ఎవరో వీడియో తీసి పంచారు. భీమవరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆమె షట్టరు దించేసి, తెల్లారితే తాళాలు ఓనరుకి ఇచ్చేద్దామని మావయ్య ఇంటి అరుగు మీద కూర్చుంది. ఏడాదిగా కన్న కల అది. ఏడుపొచ్చింది.

మావయ్య రానే వచ్చారు. "ఎమిలీ గారి తొలి ప్రయాణం గురించి నీకు చెప్పానా అమ్మా?"

"ఇవాళ వద్దండి మావయ్యా."

"వంటగది అంటుకుంది. ప్రయాణికులందరికీ మాడిన రొట్టే. అయినా వెళ్లారమ్మా."

ఒళ్లు మండి నాగశ్రీ ఫోన్లో వెతికింది. చదివేకొద్దీ కళ్లు పెద్దవయ్యాయి.

"మావయ్యా, ఈ ఓడకి ముప్పై ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదంటండి. నిప్పు లేదు, తుపాను లేదు. హాయిగా తిరిగి తిరిగి రిటైరైపోయిందంట."

ఆయన కంగారుగా ప్రహరీ వైపు చూశారు. "మెల్లిగా అమ్మా. శ్యాంబాబు వింటాడు."

"మరి ఇన్నాళ్లూ ఆవిడకి అన్ని కష్టాలెందుకు పెట్టారండి?"

"సుఖపడినావిడ కథ కష్టంలో ఉన్నోళ్లకి ఏం పనికొస్తుందమ్మా?"

నాగశ్రీకి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తాళాలు మళ్లీ బొడ్లో దోపుకుంది.

మర్నాడు మొదటి అట్టు అంచులు మాడి, నడుమ చిరిగి వచ్చింది. మావయ్య అడిగి మరీ ఇంకోటి వేయించుకున్నారు. వారం తిరిగేసరికి అట్టు పెనాన్ని వదలడం నేర్చుకుంది. గుమ్మం మీద బోర్డు కూడా వెలిసింది: ఎమిలీ గారి టిఫిన్స్.

ఒక ఉదయం, మోటార్ సైకిల్‌తో సహా పంట కాలవలో పడి లేచిన లెక్చరరు ఒకాయన నీళ్లోడుతూ వచ్చి మూల బల్ల దగ్గర తల దించుకుని కూర్చున్నాడు. అందరూ ముసిముసిగా నవ్వుతున్నారు. నాగశ్రీ ఆయన ముందు వేడి అట్టు పెట్టింది.

ఆయన ఏదో ఒకటి మాట్లాడాలని, "ఎమిలీ గారంటే ఎవరండి?" అన్నాడు.

"మా పెద్దావిడండి," అంది నాగశ్రీ. "ఒకసారి ఆవిడా కాలవలో పడ్డారు. అయినా వెళ్లారండి."