మోచేత్తో నొక్కే పాటల పెట్టె

ఆ రోజుల్లో నా గొంతు మీద నాకున్నంత నమ్మకం, ఆ తర్వాత జీవితంలో మరి దేని మీదా కలగలేదు. మంగళగిరిలో మా పిన్ని వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదువుకున్న మూడేళ్లూ నా అసలు చదువు మగ్గం పక్కనే సాగింది. పిన్ని మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తుంటే, నేను పక్కన పీట వేసుకుని లైబ్రరీ నవలలు పైకి చదివి వినిపించేదాన్ని. చదవడమంటే మామూలుగా కాదు. జమీందారు మాట్లాడితే గొంతు బొంగురు చేసేదాన్ని, కథానాయిక ఏడిస్తే ముక్కు ఎగబీల్చేదాన్ని, వాన వస్తే నోటితోనే కురిపించేదాన్ని. (ఒకసారి నేను ఉరిమితే పక్కింటి పిల్లి గోడ దూకి పారిపోయింది. దాన్ని నేను మెప్పుకోలుగానే తీసుకున్నాను.) వీధిలో అందరూ నన్ను ‘రేడియో’ అని పిలిచేవాళ్లు. అది వెక్కిరింత కూడా కావచ్చునని నాకు అప్పట్లో తట్టనే లేదు.

డిగ్రీ అయ్యీ అవగానే బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పొద్దున బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి మగ్గం మీద గుడ్డ కప్పేసి ఉండేది. అందరూ సంతోషించారు, పిన్ని తప్ప. ఆవిడ దిగులు నేను పొద్దస్తమానం ఇంట్లో లేకుండా పోతున్నందుకా, నవల సగంలో ఆగిపోయినందుకా అన్నది నాకు అంతు పట్టలేదు. కథానాయిక రైలెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపబోతుండగా నేను ఉద్యోగంలో చేరాను మరి. నాలుగో రోజు పొద్దున్నే నాకు ఇడ్లీ పెడుతూ, “ఆ పిల్ల ఇంకా చెయ్యెత్తుకునే ఉందే. రెక్క లాగెయ్యదూ పాపం?” అంది. “నువ్వే చదువుకోవచ్చుగా పిన్నీ” అన్నాను. “కళ్లు రెండూ పోగుల మీద, చేతులు రెండూ మగ్గం మీద, కాళ్లు రెండూ గుంటలో. ఇంక నా దగ్గర ఖాళీగా ఉన్నవి చెవులే” అంది. నేను ఇడ్లీ సగంలో వదిలేసి బస్సుకి పరుగెత్తాను.

నెలాఖర్లో చేరినందువల్ల ఒకటో తారీఖుకల్లా ఓ చిన్న జీతం చేతికొచ్చింది. పిన్నికి పాటలూ కథలూ వినిపించే పెట్టె ఒకటి కొనాలని తీర్మానించేశాను. ఆ నవలనే ఎవరో పుణ్యాత్మురాలు మొదటినుంచీ చివరిదాకా చదివి రికార్డు చేసిందని ఆఫీసులో తెలిసింది. (ఫోనులో వినొచ్చుగా అంటారేమో. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫోను బాబాయి జేబులో ఉండేది, బాబాయేమో నూలుకి రంగులేసే పనిలో ఊరవతల ఉండేవాడు. పైగా మా చుట్టాలకి ఒక గుణముంది. కథ మంచి పట్టులో పడగానే ఫోన్ చేసి, ఇవాళ ఏం కూర అని అడుగుతారు.) ఆ ఆదివారం ముగ్గురం బెజవాడ బయలుదేరాం. సంబంధం చూడ్డానికి వెళ్తున్నట్టు పిన్ని పట్టుచీర కట్టింది. నేను కొత్త ఉద్యోగినిని కాబట్టి చలువ కళ్లద్దాలు పెట్టుకున్నాను.

షాపులో సేల్స్ అబ్బాయి ముందుగా వేలెడంత సన్నటి ప్లేయరు తీసి, దాని తీగలు పిన్ని చెవుల్లో పెట్టాడు. పిన్ని తలాడించి విన్నది, తర్వాత మగ్గం మీద చేతులాడించినట్టు ఆడించి చూసింది, తీగ మోచేతికి చుట్టుకుంది. “బాబూ, ఇది గానీ మగ్గంలో చిక్కుకుందంటే నా చెవిని కూడా చీరలోకి నేసేస్తాను” అంది. రెండోది అగ్గిపెట్టెంత ఉంది. అది గుంటలో పడితే దీపం పెట్టుకుని వెతకాలంది. మూడోది పాడుతున్నంతసేపూ ఎర్రగా, పచ్చగా, నీలంగా వెలిగి ఆరుతోంది. అది చూడగానే బాబాయి మొహం కూడా అలాగే వెలిగింది. “ఇది తీసుకుందామే” అన్నాడు. “అది ఎదురుగా పెట్టుకుంటే పోగు ఏ రంగుదో నాకెట్టా తెలుస్తది? పెళ్లికూతురి చీర సర్కస్ డేరాలా ఉంటది” అంది పిన్ని. నేను మధ్యలో దూరి దాని బ్యాటరీ గురించీ, మెమరీ కార్డు గురించీ నాకు తెలియనివన్నీ ఇంగ్లీషులో అడుగుతున్నాను. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, నవ్వలేదు.

చివరికి టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి తీసి పాట పెట్టాడు. నెత్తిన ఒక్కటే పెద్ద మీట. పిన్ని ముందుకు వంగి మోచేత్తో నొక్కింది. ఆగింది. మళ్లీ నొక్కింది. మొదలైంది. “పోగు తెగినప్పుడు కథ ఆగాలి బాబూ. మా పిల్లయితే నేను అబ్బా అంటే ఆగేది” అంది. “అబ్బా అంటే ఆగేవి మా దగ్గరికింకా రాలేదండీ” అన్నాడతను నిజాయితీగా. “సౌండు మాత్రం చాలా బాగుంటదమ్మా, వినండి.” పిన్ని షాపంతా కలయజూసింది. “ఈ నిశ్శబ్దంలో చీమ దగ్గినా వినబడుద్ది. మగ్గం చప్పుడులో వినబడాలిగా?” అంది. ఆ తర్వాత జరిగినదానికి నా బాధ్యత ఏమీ లేదని మనవి చేసుకుంటున్నాను. పిన్ని ఓ అట్టపెట్టె మీద కూర్చుని, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తొక్కడం మొదలుపెట్టింది. బాబాయిని కౌంటరు మీద అరచేత్తో బాదమంది. సేల్స్ అబ్బాయిని స్కేలుతో ఖాళీ డబ్బా కొట్టమంది. “నువ్వు నోటితో కానివ్వవే” అని నాకు అప్పగించింది. ఇంతమందిలో నేనా అనుకుంటూనే, ఎంతైనా కళాకారిణిని కదా, “టకాటక్, టకాటక్” అని అందుకున్నాను.

అరనిమిషంలో లయ కుదిరింది. టార్చిలైటు బ్యాటరీల కోసం వచ్చిన పెద్దాయన ఒకాయన సంగతేమిటని కూడా అడగకుండా తాళాలగుత్తి ఆడించడం మొదలుపెట్టాడు. పెట్టెలోంచి ఎవరో గాయకుడు పాపం గొంతు చించుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని లోపలికొచ్చింది ఎవరయ్యా అంటే మా ఆఫీసు మేనేజరు గారు. ఛార్జరు కోసమట. నన్ను చూసి ఆగి, కళ్లద్దాలు సర్దుకుని, “మీరు... మన ఆఫీసులో కొత్తగా చేరిన...” అన్నారు. నేను నోరు మూయబోయాను. “ఆపకే! చరణం వినబడుతోంది!” అని అరిచింది పిన్ని. మేనేజరు గారి కళ్లలోకి చూస్తూ “టకాటక్” అన్నాను. ఆయన ఛార్జరు కొనకుండానే వెళ్లిపోయారు. పెట్టె మాత్రం కొనేశాం. షాపువాళ్లంతా గుమ్మందాకా వచ్చి సాగనంపారు.

మర్నాటి నుంచీ ఆ రైల్లో అమ్మాయి చెయ్యి ఊపింది, రైలు కదిలింది, పిన్ని మొహం వికసించింది. నాకు మాత్రం లోపల ఎక్కడో మండింది. సెలవు రోజున కూర్చుని విన్నాను. ఆ చదివే ఆవిడది మామూలు గొంతు, మనిషికో గొంతు మార్చదు, ఏడుపు రాదు. “ఏంటి పిన్నీ, ఉరుము కూడా లేదు?” అన్నాను. “ఏమోనే, ఉరిమిందని చెప్పింది, నేను నమ్మాను” అంది పిన్ని. మూడేళ్ల నా కళాసేవకి అదే బిరుదు. ఆ వారమంతా పిన్నితో ముక్తసరిగా మాట్లాడాను. నేను లేని లోటు టిఫిను డబ్బా అంత పెట్టెతో పూడిపోయిందన్న ఉక్రోషం నాది.

అప్పుడు మగ్గం మీదున్న చీర పూర్తయిన ఆదివారం షావుకారు గారు వచ్చారు. పిన్నికి నూలిచ్చి నేయించుకునేది ఆయనే. ఆ చీర పెళ్లివారి ఆర్డరు. ఆయన చీర విప్పి, గుమ్మం దగ్గర వెలుతురుకి పట్టి, అరచేత్తో నిమిరి ఆగిపోయారు. “ఏంటమ్మా ఇది? జానెడు చిక్కగా, జానెడు పలచగా? పాతికేళ్లుగా నీ చేతి నేత చూస్తున్నా, ఎప్పుడూ ఇట్టా లేదే!” బాబాయి నోరు ఊరుకోదు కదా, “ఆ కథల పెట్టె వచ్చినకాడ్నుంచీ ఇంతేనండీ” అనేశాడు. షావుకారు గారు పెట్టెని ఎగాదిగా చూశారు. “అయితే తేల్చుకోండి. అది ఈ మగ్గం దగ్గరుంటే నేను నూలివ్వను” అన్నారు. పిన్ని మొహం చూడాలి. చిన్నపిల్ల దగ్గర పలక లాక్కున్నట్టు అయిపోయింది. నా ఉక్రోషం అంతా ఎటు పోయిందో, ఆ పెట్టె ఉంటే చాలు దేవుడా అనుకున్నాను.

పిన్ని మెల్లగా చీర అంచు పట్టుకుంది. “ఇక్కడ చిక్కగా ఉంది కదండీ, అక్కడ మేనమామ ఆ పిల్ల ఆస్తి కాగితాలు కాజేశాడు. ఒళ్లు మండి పోగుల్ని గట్టిగా బాదాను” అంది. షావుకారు గారు ఆ చోట వేలితో తడిమి చూశారు. “ఇదిగో, ఇక్కడ పలచబడింది, ఆ పిల్లకి విషజ్వరం. చెయ్యి ఆడలేదండీ.” “బతికిందా?” అన్నారాయన గొంతు తగ్గించి. “డాక్టరు బతికించాడు. ఇక్కడ చూడండి, ఎంత చక్కగా కుదిరిందో.” ఆయన చీరని తనే ముందుకు జరుపుకున్నారు. “మరి ఈ ముద్దలాంటిదేంటి?” “డాక్టరుకి మేనమామ రాసిన దొంగ ఉత్తరం అందింది.” “నమ్మాడా?” అంటూ చీర లాగబోతే చేతికి ఏమీ తగల్లేదు. చీర అయిపోయింది. “తర్వాత?” అన్నారు. “నూలు ఇస్తే కదండీ తెలిసేది” అంది పిన్ని. ఆయన అరుగు మీద చతికిలబడి మంచినీళ్లడిగారు. పెళ్లి చీరలకి పాటలే వినాలి, కథలు నూలు కండెలకి చుట్టుకునేటప్పుడే వినాలి అని తీర్పు చెప్పి, వెళ్తూ వెళ్తూ, “ఆ డాక్టరు సంగతి మాత్రం నాకు కబురుచెయ్యమ్మా” అన్నారు.

పెళ్లివారికి పనికిరాని ఆ చీర నేను తీసుకున్నాను. మొదటిసారి కట్టుకుంటూ వేలితో తడుముతుంటే కథంతా తెలుస్తోంది, ఒక్కచోట తప్ప. చీర మొదట్లోనే ఓ రెండు జానల మేర నేత మరీ వదులు, విషజ్వరం కన్నా పలచన. కథలో అంత పెద్ద కష్టం ఏమొచ్చిందో గుర్తు రాలేదు. “ఇక్కడేం జరిగింది పిన్నీ?” అని అడిగాను. పిన్ని కండె చుడుతూ, తలెత్తకుండానే, “అప్పటికి పెట్టె ఎక్కడ కొన్నామే? అది నువ్వు ఉద్యోగంలో చేరిన వారం” అంది.

చీర మొదలు కాబట్టి ఆ రెండు జానలూ నడుం దగ్గర లోపలికే పోతాయి, ఎవరికీ కనబడవు. ఇప్పటికీ ఆ చీర కట్టినప్పుడల్లా అక్కడ చెయ్యి కాసేపు ఆగుతుంది. ఒక పెట్టెని చూసి వారం రోజులు మూతి ముడుచుకు తిరిగిన ఆ ఇరవయ్యేళ్ల పిల్లని పిలిచి, పిచ్చిమొద్దూ, ముందే ఓసారి చీర తడిమి చూసుకోకపోయావా అనాలనిపిస్తుంది.