పసుపు అంటిన చీనా కాగితం

మొన్న పొద్దున రాజంపేట నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన పోయినాడు పాపా, నిద్దట్లోనే" అంది. కువైట్‌లో నాకు దిక్కైన మనిషి, అక్కడి మిష్రిఫ్ పేటలో ఒకే ఇంట్లో ముప్ఫై ఏళ్ళు వంట చేసిన మనిషి, ఎవరినీ లేపకుండా వెళ్ళిపోయాడు. ఆయన పద్ధతే అంత.

ఆ ఇంటి పెద్దాయన రిటైరైన కువైటీ పంతులు. విక్టోరియా రాణి కాలంలో చీనా భాష నేర్చిన ఒక ఇంగ్లీషు పండితుడి జీవితం రాస్తుండేవాడు. వినే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు, ఆయన భార్యకు, అంటే పనివాళ్ళం 'మామా' అని పిలిచే ఇంటావిడకు, అసలే లేదు. అందుకని వంటింట్లో కుర్చీ వేసుకుని చిన్నాయనకు చెప్పేవాడు. చిన్నాయన ఉల్లిపాయలు తరుగుతూ విని, సాయంత్రం అదే ఇంట్లో పనిమనిషిగా ఇస్త్రీ చేస్తున్న నాకు చెప్పేవాడు.

"ఆ దొర ఓడెక్కి చీనాకు పోయినాడంట. వాళ్ళ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో రాసినాడంట. ముసిలోడై తిరిగొస్తే పెద్ద కాలేజీలో పంతులు పని ఇచ్చినారంట. వినేదానికి ఒక్కడూ రాడు! ఉత్త బెంచీలకే పాఠం జెప్పినాడంట."

"పిచ్చోడా?" అని నేను నవ్వితే ఆయనకు కోపం వచ్చేది. "చీనావాళ్ళు రాసిన కాయితం తొక్కరంట మే, మన మాదిరే" అనేవాడు. వింటూ వింటూ నాకు ఆ దొర చిన్నాయన ముఖంతో, భుజాన తుండుగుడ్డతో కనిపించడం మొదలైంది. ఇప్పటికీ అంతే.

తొంభయ్యో సంవత్సరం వేసవిలో పెద్దాయనా మామా లండన్‌లో ఉండగా ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చింది. రాసిన కాగితాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి, మేమిద్దరం ఉన్నాం. ఆ రోజులు కలలో జరిగినట్టే గుర్తున్నాయి. వీధిలో అలికిడి లేదు, మూసిన కర్టెన్ల వెనక ఎండ మాత్రం కదిలేది. చిన్నాయన రోజూ అదే వేళకు టీ కాచి పెద్దాయన బల్ల మీద పెట్టేవాడు. చల్లారాక ఇద్దరం పంచుకునేవాళ్ళం.

గ్యాస్ అయిపోయాక పెరట్లో ఇటుకలు పేర్చాం. పొయ్యి అంటించడానికి బల్ల మీది కాగితాలు రెండు తెచ్చాను. చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"చదువును పొయ్యిలో పెడతావా?"

అవి లాక్కుని కళ్ళకద్దుకున్నాడు. ఆ సాయంత్రమే మొదటి పేజీ మూలన, కొత్త పుస్తకానికి పెట్టినట్టు, పసుపు పెట్టాడు. అన్నీ ఎర్రగుడ్డలో మూటకట్టి తన గదిలో దేవుడి పటాల మధ్య ఉంచాడు. పెద్దాయన చూస్తే తిడతాడని నేను మొత్తుకున్నా వినలేదు.

సైనికులు వచ్చి టీవీ, తివాచీలు పట్టుకుపోయారు. నేను చిన్నాయన గదిలో బియ్యం బస్తాల వెనక నక్కి కూర్చున్నాను. ఒకడు మూట మీద చెయ్యి వేశాడు. "మా దేవుడి పుస్తకం" అన్నాడు చిన్నాయన అరబ్బీలో. వాడు చెయ్యి తీసేశాడు.

"అబద్ధం జెప్పినావే!" అన్నాను తర్వాత.

"యాడుంది అబద్ధం?" అన్నాడు.

మనవాళ్ళను ఇంటికి చేర్చే జోర్డాన్ బస్సులు బయలుదేరే రోజు ఆయన రానన్నాడు. "కాగితాల కోసం చస్తావా?" అని ఏడ్చాను, తిట్టాను.

"దారిలో సోదా చేసి పారేస్తారు పాపా. పెద్దాయన దగ్గర ఇంకో ప్రతి లేదు. నువ్వు పో."

వెళ్ళాను. యుద్ధం ముగిసేదాకా ఆయన ఉన్నాడో లేడో తెలియలేదు. వదిలి వచ్చినందుకు నాకింకా సిగ్గుగానే ఉంటుంది.

పెద్దాయన తిరిగొచ్చి, మూట విప్పి, పసుపు చూసి, తుడవకుండా అలాగే ఉంచాడట. పుస్తకం అచ్చయ్యాక ఆ మొదటి పేజీ చిన్నాయనకే ఇచ్చాడట.

అంత్యక్రియలయ్యాక చిన్నమ్మ పటాల మధ్య నుంచి దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. అరబ్బీ వరసల నడుమ ఆ దొర పేరట, చీనా అక్షరాల్లో ఉంది. చిన్నాయనకు రెండూ చదవడం రాదు. మూలన పసుపు బొటనవేలి ముద్ర, గీతలతో సహా. దాని మీద నా వేలు పెట్టబోయి, చెరిగిపోతుందేమోనని ఆగిపోయాను.