గుడ్డు తిన్న మర్నాడు

అమ్మ కడుపు పక్కనుంచి ఒక గొట్టం బయటికి వచ్చి మంచం కింద వేలాడే సంచీలోకి దిగేది. పేగుకి చిల్లు పడితే రాజమండ్రి తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. లోపల చెడు నీరు నిలవకుండా ఆ గొట్టం పెట్టారట. పొద్దున్నే సిస్టర్ వచ్చి సంచీ ఖాళీ చేసేటప్పుడు అందులో రంగు చూసేవాణ్ణి. ఎరుపు తగ్గి పలచబడితే గొట్టం తీసేసి ఇంటికి పంపిస్తామన్నారు. ఇక నాకు వేరే పంచాంగం ఎందుకు, ఆ రంగు చూసే రోజు ఎలా గడుస్తుందో చెప్పేవాణ్ణి.

అన్నం పెట్టొచ్చన్న రోజే మా ఇద్దరికీ గొడవ మొదలైంది. పుండు మానాలంటే ఒంట్లో బలం ఉండాలి, పప్పూ గుడ్డూ బాగా పెట్టండి అన్నారు డాక్టరు గారు. అమ్మ పడుకునే చేతులు జోడించి, "అలాగేనండి, తప్పకుండా తింటానండి" అంది. ఆయన గుమ్మం దాటగానే నా వైపు తిరిగింది.

"పప్పు తింటే చీము పడుతుందిరా. బీరకాయ కూర, కారప్పొడి తెప్పించు."

పట్టిసీమ దగ్గర మా ఊళ్ళో ఎవరికి పురుడొచ్చినా, ఆపరేషన్ అయినా పథ్యం సంగతి అమ్మనే అడిగేవారు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం తప్ప ఇంకో దాని వైపు చూడనిచ్చేది కాదు. వాళ్ళంతా లేచి తిరుగుతున్నారు. ఆ ధీమా ముందు డాక్టరు గారి చదువే నిలబడలేదు, నేనెంత!

తర్వాత కుట్ల చుట్టూ ఎర్రబడింది, జ్వరం వచ్చింది. డాక్టరు గారు కొన్ని కుట్లు విప్పి చీము తీశారు. నన్ను బయటికి పిలిచి, ఇది తగ్గకపోతే మళ్ళీ కడుపు తెరవాలి, ఇంత నీరసంలో ఆవిడ తట్టుకోవడం కష్టమండి అన్నారు. లోపలికొచ్చి, "సరిగ్గా తింటున్నారా అమ్మా?" అని అడిగారు.

"శుభ్రంగా తింటున్నానండి" అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వెళ్ళాక, "నీ పథ్యమే నిన్ను చంపుతుంది" అని అరిచేశాను. వార్డులో అందరూ మా వైపే చూశారు.

"అరవకు నాన్నా. తెచ్చిపెట్టు, తింటాను" అంది అమ్మ నెమ్మదిగా.

హాస్పిటల్ ఎదురుగా బండి దగ్గర ఉడకబెట్టిన గుడ్డు కొని, వలిచి, చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కో ముక్కా మింగింది. మొండిది, ఇన్నాళ్ళకి దారికొచ్చిందని సంబరపడ్డాను.

మర్నాడు గొట్టంలో వచ్చేది చిక్కబడింది. వాసన కూడా వచ్చింది. గుడ్డుకీ దీనికీ సంబంధం లేదండి, లోపల ముందునుంచీ ఉన్నదే ఇప్పుడు బయటికొస్తోంది అన్నారు డాక్టరు గారు. ఆ మాట నాకూ తెలుసు. కానీ అమ్మ సంచీని చూసి, తర్వాత నన్ను చూసింది. తిట్టినా బాగుండేది, వాదించడానికి నాకేదో ఒకటి దొరికేది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి బీరకాయ కూర కలుపుతున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గుడ్డు తేలేదేంరా?"

"వద్దులే అమ్మా, ఇవాళ్టికి ఇది తిను."

"తే నాన్నా. పోతే తినే పోతాను. తినక పోయిందని తర్వాత నువ్వు కుమిలిపోకూడదు."

కిందికి వెళ్ళి గుడ్డు తెచ్చాను. అది మంచిదని నమ్మేవాణ్ణి నేనే. ముక్క ముక్కకీ సంచీ వైపు చూసిందీ నేనే.