అమ్మకు నేర్పిన జవాబులు

చింతామణిలో ఒక డాక్టరు, మతిమరుపుకు విటమిన్ మాత్రలు పనిచేస్తాయా లేదా అని ముసలివాళ్ళ మీద పరీక్ష చేశాడు. పనిచేస్తాయని తేల్చాడు. అరవైల మొదట్లో సంగతి. అలా తేల్చడంలో నా చెయ్యి కూడా ఉంది. ఆ తర్వాత చాలాకాలం మా చుట్టుపక్కల ఎవరింట్లో పెద్దవాళ్ళు పేర్లు మరిచిపోయినా, పిల్లలు చింతామణికి బస్సెక్కి ఆ మాత్రల సీసా కొనుక్కొచ్చేవాళ్ళు. అంగడివాడు సీసా చేతిలో పెడుతూ, "మనూర్లోనే పరీక్ష చేసి సూసినారప్పా, నమ్మి తీస్కో" అనేవాడు. ఆ మాట చెవినపడితే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

మా ఊరు దిబ్బూరహళ్ళికి దగ్గర. సేద్యంతోపాటు ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. పురుగుల గది మా అమ్మది. మల్బరీ ఆకు కోసి తెచ్చేది మేము, తరిగి తట్టల్లో వేసేది ఆమె. తడి ఆకు తింటే పురుగులు చస్తాయని మా ఇంట్లో నడక నేర్చే పిల్లలకు కూడా తెలుసు. ఒక వానాకాలం పొద్దున అమ్మ, తడిసిన ఆకును ఆరబెట్టకుండానే తట్టలన్నిటా పరిచేసింది. కొద్దిరోజుల్లో పురుగులన్నీ నల్లబడి కుళ్ళిపోయాయి.

"తడాకు యాల ఏసినావమ్మా?" అని అరిచాను.

"నేనెప్పుడేసినా నాయనా? మీరింకా ఆకే కోసుకొని రాలేదు కదా" అంది. అబద్ధం చెప్పే ముఖం కాదు అది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

అక్కడినుంచి ఒక్కొక్కటే జారిపోతూ వచ్చింది. ఎప్పుడో చనిపోయిన నాన్న సంత నుంచి ఇంకా రాలేదేమని సాయంత్రాలు వాకిట్లో నిలబడేది. డాక్టరు మాట ఎవరో చెబితే, నేనూ నా భార్యా అమ్మను చింతామణి తీసుకుపోయాం.

డాక్టరు బెంగళూరు నుంచి నెలకోసారి వచ్చి, ఆస్పత్రి వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవాడు. కొందరికి విటమిన్ మాత్రలు, మరికొందరికి అదే రంగులో మందు లేని మాత్రలు ఇస్తానన్నాడు. ఎవరికి ఏది పోయిందో ఎవరికీ చెప్పనన్నాడు. నెలనెలా ప్రశ్నలడిగి, చెప్పిన జవాబులకు మార్కులు వేస్తానన్నాడు. అంతా కన్నడంలోనే చెప్పాడు. ఏం చేస్తాడో మాకు అర్థమైంది, ఎందుకో ఆయన చెప్పలేదు. చుట్టూ వేరే ఇళ్ళవాళ్ళు కూర్చుని వింటుండగానే అమ్మను ముందుకు పిలిచాడు.

"ఇదు యావ ఊరు?"

అమ్మ నా వైపు చూసింది. "ఏమంటాండాడప్పా ఈ సామి?"

ఇది ఏ ఊరు అని అడుగుతున్నాడు, అంతే. బతుకంతా పట్టుగూళ్ళు కొనడానికి వచ్చే వ్యాపారులతో కన్నడంలో వాదులాడిన మనిషి ఆమె. మతి జారేటప్పుడు ఆ భాషే అన్నిటికన్నా ముందు జారిపోయింది. తెలుగులో అడగమని బతిమాలాను. ప్రశ్నలు అచ్చయి వచ్చాయి, ఒక్క మాట మార్చకూడదన్నాడు. అదే డాక్టరు అంతకుముందే గేటు బయట టమేటాలు తెలుగులో బేరం చేయడం నా కళ్ళతో చూశాను!

ఇప్పుడు ఏ నెల అని అడిగితే ఏదో సగం అర్థం చేసుకుని, "పురుగులు లేచి ఆకు తింటాండాయి" అంది. దేశాన్ని ఏలేదెవరంటే, "మైసూరు దొర" అంది. వరండాలో నవ్వులు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఊళ్ళో పదిమంది మాట వినే ఇల్లు మాది. ఆ నవ్వులోంచే డాక్టరు గొంతు వినిపించింది: వచ్చే రెండు మూడు నెలల్లో మార్పు కనిపించకపోతే మాత్రలు ఆపేస్తాను, వృథా చేయడానికి లేవు.

అమ్మ ఇంకా నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పిలుపు పోకుండా ఆపేది ఆ మాత్రలేనని నమ్మాను. అవి ఆగిపోకూడదు. మరుసటి రోజు నుంచే అమ్మకు పాఠం మొదలుపెట్టాను.

పురుగుల గదిలోకి వెళ్ళనివ్వలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇదు యావ ఊరు?" అనేవాణ్ణి. "చింతామణి" అనాలి. మొదట్లో, "ఇది మనిల్లు కదప్పా" అనేది. ఆమె చెప్పిందే నిజం. "ఇల్లు కాదు, చింతామణి అను" అని గద్దించేవాణ్ణి. ఎంతకూ రాకపోతే ఒక ఉపాయం కనిపెట్టాను. రాగిముద్ద పళ్ళెంలో పెట్టి, పళ్ళెం నా దగ్గరే ఉంచుకునేవాణ్ణి. జవాబు చెబితేనే ముద్ద.

నా భార్య ఓర్చుకోలేకపోయింది. "ముసలామెను ఇస్కూలు పరీక్షకు పంపిస్తాండారా? పాసైతే ఏం ఉద్యోగమిస్తారంట?"

"మాత్రలు ఆపేస్తే నువ్వు తెచ్చిస్తావా?" అన్నాను.

ఆ తర్వాతి నెల అమ్మ కొన్ని చెప్పింది. డాక్టరు ముఖం వెలిగింది. వరండాలో ఈసారి ఎవరూ నవ్వలేదు. కైవారం నుంచి మామను తీసుకొచ్చే ఒక కోడలు మాత్రం నా భార్య పక్కకు జరిగి గుసగుసగా అడిగింది.

"అమ్మా, మీ అత్తకు ఒంటికి పోతే పచ్చగా వస్తాందా?"

"పసుపు కలిపినట్ల వస్తాందమ్మా."

"అయితే అసలుది మీకు పడింది. మా మామకు నీళ్ళ మాదిరే ఉండాది. మాకేదో సుద్ద బిళ్ళలు ఇచ్చినారు. ఒకే పంక్తిలో కూచోబెట్టి ఒకరికి నెయ్యి, ఒకరికి నీళ్ళు పోస్తారా ఎవరన్నా?"

మాలో పంక్తిభేదం చేయడం పాపం. నా భార్య ఇంకేమీ ఆలోచించలేదు. కొంగు చాటున సీసా విప్పి సగం మాత్రలు ఆమె సీసాలో పోసి, ఆమెవి సగం తీసుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. డాక్టరు అంత జాగ్రత్తగా దాచిన రహస్యం బస్టాండు దాటకముందే రెండు సీసాల్లో కలిసిపోయింది. అసలు, నకిలీ ఎందుకు వేరు చేశారో ఎవరైనా మాకు మా భాషలో కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ ఇద్దరు ఆడవాళ్ళు అలా చేసేవాళ్ళే కాదు.

ఇంకో నెల మేమెక్కిన బస్సులోనే ఆ కైవారం కోడలు మామ చెవిలో, "మామా, ఇదు యావ ఊరు అంటే ఏమనల్ల? చింతామణి అనల్ల" అని చెబుతోంది. ఆ పెద్దాయన కిటికీలోంచి కైవారం కొండను చూస్తూ, "చింతామణి" అన్నాడు. ఆమె నన్ను చూసి సిగ్గుపడి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడైనా డాక్టరుకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మా అమ్మకన్నా ఆ పెద్దాయనకు మార్కులు ఎక్కువ వస్తాయేమోనని, ఆ నెలంతా పాఠం ఇంకా గట్టిగా చెప్పాను.

చివరి నెల అమ్మ తడబడకుండా అన్నీ అప్పజెప్పింది. ఊరు, నెల, ప్రధానమంత్రి పేరు, అన్నీ కన్నడంలోనే. బెంగళూరు నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు డాక్టర్లు పక్కన నిలబడి చూశారు. మా డాక్టరు ఆ ఊపులో, అచ్చయిన కాగితం పక్కన పెట్టి, మొదటిసారి తెలుగులో అడిగాడు. "ఈయన ఎవరమ్మా?"

ఆయన చూపించింది నన్ను.

అమ్మ నాకు చేతులు జోడించింది. "మా ఇస్కూలు అయివారు సామీ. జవాబు చెప్పకుంటే ముద్ద పెట్టడు."

డాక్టర్లు గట్టిగా నవ్వారు. బల్ల దగ్గరికి వెళ్ళి, "నేను ఈమె కొడుకును సార్. ఇవన్నీ నేను నేర్పించినవి. మాత్రలు కూడా రెండిళ్ళవాళ్ళం కలిపేసుకున్నాం. ఈ మార్కులు కొట్టేయండి" అన్నాను.

డాక్టరు నవ్వు తగ్గించలేదు. "నేర్పితే నిలిచింది కదా? ముందు నిలిచేదా? అదే మాత్రల గుణం" అన్నాడు.

"కొడుకును మరిచిపోయింది సార్!"

"ఆ ప్రశ్న మా కాగితంలో లేదు" అని ఇంకో పెద్దాయనను పిలిచాడు.

ఇంత చదివిన మనిషికి తన ఎదురుగా ఉన్నది ఏమిటో కనిపించలేదా అని ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను. కనిపించే ఉంటుంది. అవి వట్టి బట్టీ జవాబులని నాకూ నెలల ముందే కనిపించింది. అమ్మ నన్ను పేరుతో పిలవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు, జవాబులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఇంకా సిగ్గు ఏమిటంటే, ఆరోజు అంత కోపంలోనూ వరండా దిగేటప్పుడు వచ్చే నెల మాత్రల సీసా అడిగి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చాక పాఠం మానేశాను. పురుగుల గది తలుపు తీసి, అమ్మను రమ్మన్నాను. గడపలోనే నిలబడి, లోపలికి వెళ్ళవచ్చా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. ఆమె మాత్రం నేర్చుకున్నది మానలేదు. పోయేదాకా, ఎవరు పళ్ళెం ముందు పెట్టినా ముద్ద ముట్టుకునేది కాదు. నా వైపు తిరిగి, "చింతామణి" అనేది. సరే అని నేను తలూపేదాకా ఆగేది.