చిప్పుకు పెట్టిన బొట్టు

మిర్యాలగూడలో మా రైస్ మిల్లుకు కొత్త బేరింగ్ వచ్చినా నాన్న బొట్టు పెట్టనిదే బిగించనివ్వడు. వారంటీలో ఉన్న నా స్పోర్ట్స్ కారుకు వేగం పెంచే చిప్పు వేయించడానికి కోదాడ పోతే, కుంకుమ పొట్లంతో వెంటొచ్చాడు. సీలు విప్పిన ఇంజిన్ కంప్యూటర్‌లో చిప్పుకు బొట్టు పెట్టి, అదే చేత్తో పక్కనున్న బోర్డుకూ పెట్టాడు.

నెల తిరక్కముందే వేములపల్లి దగ్గర ఇంజిన్ పొగలు కక్కింది. చిప్పు పీకించి, కంప్యూటర్ డబ్బాకు మళ్లీ సీలు వేయించి, కారును సూర్యాపేట షోరూంకు చేర్చాను.

మెకానిక్ డబ్బా విప్పాడు. "దీన్ని ఎవరన్న ముట్టిండ్రా సార్?"

"లేదు. కంపెనీ సీలే."

"కంపెనోళ్లు లోపట కుంకుమ పెట్టి పంపిండ్రా?"

వారంటీ అక్కడే ఖతం. నాన్న మాత్రం, "బొట్టు పెట్టినం కాబట్టే నువ్వన్న మిగిలినవ్‌రా" అన్నాడు.

ఇప్పుడా కారు తవుడు బస్తాల వెనక ఉంది. దసరాకు నాన్న దానికీ తప్పకుండా బొట్టు పెడతాడు. మా మిల్లులో బొట్టుండీ నడవనిది అదొక్కటే.