మైకు నా చేతిలో ఉండగా

నిన్న సాయంత్రం టీవీలో అభ్యర్థుల చర్చ చూస్తుంటే, నీళ్ల ట్యాంకర్ల గురించి ఎవరో అడిగిన ప్రశ్నకు ఒకాయన క్షణం తడబడి, గ్లాసందుకుని రెండు గుక్కలు తాగి, పాఠం అప్పజెప్పినట్టు జవాబు చెప్పేశాడు. ఎవరో బాగా తర్ఫీదు ఇచ్చారనుకున్నాను. ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను, ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన చదువుతో.

అప్పట్లో గోపన్‌పల్లిలో నాకో మైకుసెట్టు దుకాణం ఉండేది. నా నోటికి మైకు దండగని మా అక్క అనేది. ఆమె భర్త, మా బావ, రెండుసార్లు వార్డు మెంబరుగా చేసినవాడు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి ఊరి బోర్లు ఎండిపోతుంటే కడుపు మండి ఎమ్మెల్యేగా నిలబడ్డాడు. వీధిలో నలుగురి మధ్య ఆయన మాటకు ఎదురుండేది కాదు గానీ, గచ్చిబౌలిలో టీవీవాళ్లు పెట్టే చర్చకు పిలుపు రాగానే అన్నం సహించడం మానేసింది.

అందుకని వారం రోజులు మా డాబా మీద రిహార్సల్ పెట్టాను. యాంకర్నీ నేనే, ఓటర్నీ నేనే, ప్రత్యర్థినీ నేనే. బావను ఆటపట్టించడం బామ్మర్దికి పుట్టుహక్కు కదా, ఆయన నోరు ఆగినప్పుడల్లా ఒకటే మాట వేసేవాణ్ని: “ఏంది బావా, మా అక్క అడిగినా గిట్లనే నిలబడ్తవా?”

“మీ అక్క అడిగితే ఉరుకుత గదరా” అని ఫక్కున నవ్వేవాడు. ఆ నవ్వుతో గొంతు పెగిలి, ఇక ఆపినా ఆగేవాడు కాదు.

చర్చ రోజున జనంలో తిరుగుతూ ప్రశ్నలడిగేవాళ్లకు మైకు అందించే పని నాకే కుదిరింది. లైట్ల కింద బావ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిరుమాలు మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. కంపెనీ ఉద్యోగం చేసే ఒకమ్మాయి లేచి, ఎండిన బోర్లకు మీ ఉపాయమేమిటండీ అని అడిగింది. ఆయన ఏ బాధతో నిలబడ్డాడో సరిగ్గా ఆ ప్రశ్నే. బావ నోరు తెరిచి, మూసి, జనంలో నా కోసం వెతికాడు. అచ్చం డాబా మీది చూపే. నా నోటికి అలవాటైన మాట అలవాటుగానే వచ్చేసింది. ఆ అమ్మాయి తిరిగిచ్చిన మైకు ఇంకా నా చేతిలోనే ఉందని మాట బయటపడ్డాక తెలిసింది.

హాలంతా నవ్వింది. బావ నవ్వలేదు, ఆ ప్రశ్నకు జవాబూ చెప్పలేదు.

టీవీలో ఆ ముక్క వారం పాటు తిరిగింది. ఎటూ ఓడిపోయేవాడేనని తర్వాత అందరూ అన్నారు, నేనూ అదే అనుకుని పడుకోవడానికి ప్రయత్నించాను. బావ మాత్రం నాతో మాట మానేశాడు. వాళ్లు ప్రగతి నగర్‌కు ఇల్లు మారాక పండక్కి మా ఇంటికి అక్క ఒక్కతే వచ్చేది. అక్క పోయిన రోజున కూడా ఆయన నా పక్కనుంచే నడిచి వెళ్లాడు గానీ, నా భుజం మీద చెయ్యి వేయలేదు. మరుసటి ఏడాది ఆయనా పోయాడు.

ఇప్పటి అభ్యర్థులకు చెమట పట్టదు. తడబాటు వచ్చినా ఒక్క గుక్కలో మింగేస్తారు, జనంలో తమవాడి కోసం వెతకరు. మంచిదే, ఏ బామ్మర్దీ వాళ్లను ముంచలేడు. నేనుండే అపార్ట్‌మెంట్‌లోనూ లిఫ్టులో నమస్కారాలే తప్ప, ఆటపట్టించేంత చనువు ఎవరితోనూ లేదు.

నిన్న ఆ అభ్యర్థి ఆగిన క్షణంలో, ఖాళీ గదిలో, ఆ పాత మాట పైకే అనేశాను. అని, టీవీ గొంతు తగ్గించి, జవాబు కోసం కాసేపు ఆగాను.