సుగుణ టీచరు గారి గుండెదడ

మొన్న ఉదయం అమలాపురంలో నా క్లినిక్‌కి అంతర్వేది నుంచి ఒక ముసలాయన వచ్చాడు. జీవితమంతా పడవ మీద గడిపి ఎండిపోయిన మనిషి. స్టెతస్కోపు రొమ్ము మీద ఆనించగానే ఆ చప్పుడు చెవుల్లో పడింది. ఒక దెబ్బ ముగియకుండానే మరొకటి మీద పడుతూ, సందు లేకుండా పరిగెడుతున్న గుండె. ఉబ్బసానికి ఇచ్చిన పీల్చే మందును ఆయన ఆయాసం తగ్గడం లేదని అదేపనిగా పీలుస్తూనే ఉన్నాడట. ఆ మందు ఆపించి, కూర్చోబెట్టి కనిపెట్టుకుని ఉంటే మధ్యాహ్నానికి నెమ్మదించింది. ఆయన టీ తాగి బస్సెక్కి వెళ్ళిపోయాడు. అలాంటి పరుగును నా వేళ్ళు మొదటిసారి తెలుసుకున్నది మెడికల్ కాలేజీలో కాదు. కొత్తపేటలో, మా సుగుణ టీచరు గారి మంచం పక్కన.

తొంభైల మొదట్లో ఆవిడ మా హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. బోర్డు మీద రెండు వాక్యాలు రాసి కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడేవారు. చాక్‌పీసు పొడి ఆవిడకి పడేది కాదు. రొమ్ములోంచి పిల్లికూతలు వినిపిస్తూ ఉంటే మేం ముందు బెంచీల వాళ్ళం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. అది తగ్గగానే ఏమీ జరగనట్టు వెనక్కి వచ్చి, ఆపిన మాట దగ్గర్నుంచే పాఠం ఎత్తుకునేవారు. ఒకసారి మా అందరినీ ఎవరి నాడి వాళ్ళు పట్టుకోమని, మైదానం చుట్టూ పరిగెత్తించి, మళ్ళీ పట్టుకోమన్నారు. "ఇప్పుడెందుకు తొందరపడుతోందర్రా?" అని అడిగారు. ఒకమ్మాయి ఆయాసం వల్ల అంది, ఇంకొకమ్మాయి ఎండ వల్ల అంది. నా వంతు వచ్చేసరికి "తెలీదండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "తెలీదని చెప్పడం వచ్చిందిగా, ఇంక దీనికి చదువొస్తుంది. తోచింది కల్పించి చెప్పేవాళ్ళతోనే కష్టం" అన్నారు. ఆ మాటతో నేను ఆవిడ మనిషినైపోయాను.

మా నాన్న కొబ్బరికాయలు ఒలిచే పని చేసేవాడు. పదో తరగతి అయ్యాక నన్ను టీచర్ ట్రైనింగులో వేద్దామనుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఒక ఆదివారం టీచరు గారు మా ఇంటికి వచ్చారు. కొబ్బరి పీచు దుమ్ములో నడిచి వచ్చినందుకు అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకోవడానికే కొంతసేపు పట్టింది. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆడపిల్లకి అంత చదువెందుకండీ? మీలాగా టీచరైతే చాలండి మాకు," అన్నాడు.

"నాలాగా అయితే నాలాగే దగ్గుతుందండి. డాక్టరయ్యిందనుకోండి, నా దగ్గు తగ్గిస్తుంది. నా స్వార్థం నాది," అన్నారావిడ.

నాన్న నవ్వేశాడు. "ఆయ్, అలాగేనండి. మీ ఇష్టం," అన్నాడు. అమలాపురంలో ఇంటర్లో చేర్పించే రోజు కూడా ఆవిడే మాతో వచ్చారు.

ఆవిడ భర్త వీర్రాజు గారికి రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం. మాట తక్కువ మనిషి. పెళ్ళయిన చాలా కాలానికి వాళ్ళకి మాధవి పుట్టింది. నేను ఇంటర్ రెండో ఏడు, మాధవి మూడో తరగతి చదువుతున్న చలికాలంలో టీచరు గారికి జ్వరం పట్టుకుంది. అప్పుడు మా ప్రాంతంలో చాలా ఇళ్ళలో టైఫాయిడ్ ఉంది. వీర్రాజు గారు ఆవిడని రావులపాలెంలో ఒక డాక్టరుకి చూపించి మందులు తెచ్చారు. ఉబ్బసం మాత్రలు ఆవిడ ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవే, వేరే డాక్టరు రాసినవి. అన్నం తిన్నంత మామూలుగా వేసుకుని, ఖాళీ అట్టలు చేతిసంచీలోనే పడేసేవారు. వాటి సంగతి కొత్త డాక్టరుకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆయనా అడగలేదు.

సెలవుకి ఇంటికి వచ్చి చూడ్డానికి వెళ్ళాను. జ్వరం తగ్గుముఖం పట్టింది గానీ మనిషి కుదురుగా లేరు. పొద్దుటి నుంచి వాంతులట. రాత్రిళ్ళు కునుకు లేదట. కళ్ళు పెద్దవి చేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే చెయ్యి చాపారు.

"ఏదీ, నాడి పట్టు. మరిచిపోయేవా ఏమిటి?"

పట్టాను. లెక్కపెట్టబోయాను. నా లెక్క అందుకునే లోపు అది ముందుకి పోతోంది. రెండోసారి, మూడోసారి కూడా అంతే. నా మొహం చూసి ఆవిడ నవ్వబోయారు.

"మన కోనసీమకి రైలు రాలేదని అందరూ గోల పెడతారు గానీ, ఇదిగో, నా ఒంట్లో నడుస్తోందే."

"ఎందుకండీ ఇలా కొట్టుకుంటోంది?"

"తెలీదే. జ్వరం వల్ల అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు," అన్నారు. ఆ గొంతులో భయాన్ని నేను మొదటిసారి విన్నాను. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి నీరసమని సెలైన్ పెట్టి వెళ్ళాడు.

నేను అమలాపురం తిరిగి వెళ్ళిన మర్నాడే ఆవిడకి ఫిట్స్ వచ్చాయి. కారులో అమలాపురం ఆసుపత్రికి తెచ్చేసరికి స్పృహ లేదు. అక్కడి డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడిగితే ఎవరో ఆవిడ చేతిసంచీ బోర్లించారు. అందులోంచి ఉబ్బసం మాత్రల అట్టలు పడ్డాయి. చాలామటుకు ఖాళీవి. "ఇవి ఎక్కువ మింగినట్టుందే" అన్నాడట ఆయన. అంతకంటే ఏమీ తేలకముందే ఆవిడ ప్రాణం పోయింది. పోలీసు కేసవుతుందని కంగారుపడి బంధువులు పరీక్షలేవీ జరగనివ్వకుండా శవాన్ని ఊరికి తెచ్చేశారు. నేను వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. ఆవిడ పుట్టింటి వాళ్ళు ఒక పక్క, వీర్రాజు గారు ఒంటరిగా ఇంకో పక్క ఉన్నారు.

డాక్టరు అన్న ఆ ఒక్క మాట శవం కంటే ముందే కొత్తపేట చేరింది. సుగుణ టీచరు మాత్రలు మింగేసింది. ఎందుకు మింగింది అన్నదానికి జనమే కారణాలు కట్టారు. రావులపాలెంలో వీర్రాజు గారికి ఎవరో ఉన్నారన్నారు. కొడుకు పుట్టలేదని సాధించేవాడన్నారు. దినాలు పూర్తి కాకుండానే ఆవిడ అన్నదమ్ములు, ఇక ఈ గడప తొక్కబోమని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే రుజువన్నారు. నేను మాత్రం నమ్మలేదు. నాడి పట్టించుకుని జోకు వేసిన మనిషి చావాలనుకుంటున్న మనిషి కాదు. కానీ అది నా నమ్మకమే తప్ప, పది మందిలో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కాకినాడ మెడికల్ కాలేజీలో రెండో ఏడు. మందుల గురించిన పాఠం. మధ్యాహ్నం క్లాసు, సగం మంది నిద్రమత్తులో ఉన్నారు. కొన్ని మందులు కలిపి వాడకూడదని చెబుతూ మేడం థియోఫిల్లిన్ అనే ఉబ్బసం మందు దగ్గరికి వచ్చారు. టైఫాయిడ్‌కి విరివిగా వాడే సిప్రోఫ్లాక్సాసిన్ దానికి తోడైతే, ఉబ్బసం మందును కాలేయం ఎప్పటిలా విరగ్గొట్టలేదన్నారు. రోజూ వేసుకునే మోతాదే వేసుకుంటున్నా, పోవలసింది పోక ఒంట్లో పేరుకుంటుంది. మాత్రలు ఎక్కువ మింగినట్టే అవుతుంది. వాంతులు, నిద్రలేమి, చేతుల వణుకు, విపరీతమైన గుండెదడ, ముదిరితే ఫిట్స్. పక్కనున్న అమ్మాయిలు రాసుకుంటూనే ఉన్నారు. టీచరు గారి మాత్రల అట్టల మీద నేను చదివిన పేరు ఆ థియోఫిల్లిన్‌దే. క్లాసయ్యాక మేడం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. "పరీక్షలు చెయ్యలేదు కాబట్టి ఖాయంగా అనలేం. కానీ నువ్వు చెప్పినవన్నీ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి" అన్నారు.

ఆ ఆదివారమే కొత్తపేట వెళ్ళాను. వీర్రాజు గారు బాగా చిక్కిపోయారు. వ్యాపారం తగ్గించుకుని కూతుర్ని తనే పెంచుతున్నారు. జ్వరానికి ఇచ్చిన మాత్ర పేరేమిటని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పారు. అదే. నేను నేర్చుకున్నదంతా నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆవిడ కావాలని ఏమీ చేసుకోలేదని, నూటికి నూరుపాళ్ళు నిరూపించలేకపోయినా జరిగింది ఇదే అయి ఉంటుందని చెప్పాను. ఆయన మొహంలో ఊరట కనిపిస్తుందనుకున్నాను. ఆయన తన కుడిచేతి వంక చూసుకున్నారు.

"ఆ జ్వరం మాత్ర వద్దనేదమ్మా. వేసుకుంటే కడుపులో తిప్పేస్తోందండీ అనేది. నేనే బతిమాలి, నా చేత్తో నోట్లో వేసేవాణ్ణి."

"మీకెలా తెలుస్తుంది బాబాయి గారూ? డాక్టరు గారికే తెలియలేదు."

"ఆయ్, తెలీదు. తెలీక చేసినా చేసింది నేనే కదండీ," అన్నారు. తన ఊరి పిల్లనైన నన్ను ఆయన అండీ అనడం అదే మొదటిసారి. తర్వాత లోపలికి తిరిగి "మాధవీ, ఇలా రా అమ్మా" అని పిలిచారు.

నేను వద్దన్నట్టు చూశాను. పిల్లకి పదకొండో పన్నెండో ఏళ్ళు.

"బళ్ళో దీన్ని ఏమంటారో మీకు తెలీదు. మీ అమ్మకి నువ్వంటే ఇష్టం లేక చచ్చిపోయింది అంటారు. దానికి తెలియాలి. మాత్ర తెచ్చింది నేనన్నది కూడా తెలియాలి," అన్నారు.

నా ఎదుటే మొత్తం చెప్పారు. ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు. మాధవి గుమ్మం పట్టుకుని నిలబడి వింది. తండ్రి చెప్పడం ముగించాక ఆయన వంక కాకుండా నా వంక తిరిగింది.

"ఆ మాత్రల వల్ల చేతులు కూడా వణుకుతాయా అండీ?"

"వణుకుతాయమ్మా. ఏం?"

"అమ్మ ఆ రోజు నాకు జడ వేస్తుంటే చేతులు వణికి జుట్టు పీకేసింది. నాకు నొప్పెట్టి, నువ్వు నాకొద్దు పో అన్నాను. నేనలా అన్నానని మాత్రలు మింగేసిందనుకున్నానండి."

అన్నేళ్ళూ ఆ పిల్ల ఆ మాట ఎవరికీ చెప్పలేదు. వీర్రాజు గారు లేచి వెళ్ళి కూతుర్ని దగ్గరికి తీసుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను.

ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. టీచరు గారి పుట్టింటి వాళ్ళకి నేనే వెళ్ళి చెప్పాను. విన్నారు గానీ రాలేదు. ఊరు తన మాట మార్చుకోలేదు. ఇప్పటికీ ఎవరైనా సుగుణ టీచరు పేరెత్తితే, మాత్రలు మింగిన ఆవిడ కదూ అనేవాళ్ళున్నారు. నా క్లినిక్‌లో నేను ఒక్కొక్కరి దగ్గరా ఎక్కువసేపు తీసుకుంటానని, ఇంకెక్కడెక్కడ ఏం మందులు వాడుతున్నారని పోలీసుల్లా అడుగుతానని బయట కూర్చున్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. నువ్వు నాకొద్దు పో అన్నానండి అని చెప్పిన పిల్ల గొంతు నా చెవుల్లో ఉన్నంతకాలం, ఆ ప్రశ్న అడక్కుండా ఒక్క చీటీ కూడా రాయలేను.